నవమాసముల కాల్షీటు

పలమనేరునుండి కుప్పమునకు పోవు త్రోవలో, ఆంధ్ర కర్ణాట ద్రవిడ సీమలు మూడును ఒండొంటిని ఒరసికొనుచున్న చోట, వెంకటగిరికోట యను ఊరు కలదు. దస్తావేజులయందు తప్ప ఆ నిండు పేరు వినబడుట అరుదు. బస్సు కండక్టరు మొదలుకొని కచేరీ గుమాస్తా వరకు అందరికిని అది వి.కోటయే. ఇంట తెనుగును, బేతమంగలము వైపు వెళ్లినచో కన్నడమును, పేర్ణాంబట్టు బేరగాండ్రతో అరవమును తడుముకొనకుండ మాటలాడు జనులు, టొమాటో బుట్టలను, పూల మూటలను, పట్టుగూళ్లను రాత్రికి రాత్రి బండ్లకెత్తి తెల్లవారునప్పటికి పొరుగు రాష్ట్రముల విపణులకు చేర్చు రైతులు, మదనపల్లెలోనో కుప్పములోనో డిగ్రీ ముగించి ఆపై బెంగళూరు బస్సెక్కు పిల్లలు, ఇదియే ఆ సీమ. ఇట్టి ఊరినుండి ఒక ఆడుపిల్ల ఇంజనీరింగునకు గాక, నర్సింగునకు గాక, సినిమా చదువునకు బయలుదేరినదన్నచో నలువది ఏండ్ల క్రిందట ఊరెల్ల చెప్పుకొని ఆమెను ఆపివేసెడిది. నేడు చెప్పుకొనును గాని ఆపదు.

నిజమునకు ఆ సీమకును సినిమాకును గల చుట్టరికము పాతదే. బూదగూరు అను గ్రామనామమును తన పేరిలో మొదటి అక్షరముగా నిలుపుకొన్న బి.ఆర్.పంతులు కోలారు కుప్పముల నడుమనున్న ఈ సరిహద్దు భూమివాడే. ఆయన మదరాసు చేరి ‘స్కూల్ మాస్టర్’, ‘వీరపాండ్య కట్టబొమ్మన్’, ‘కిత్తూరు చెన్నమ్మ’ వంటి చిత్రములకు దర్శకుడై దక్షిణదేశమంతట పేరొందెను. ఆయన కుమార్తె బి.ఆర్.విజయలక్ష్మి, ఛాయాగ్రాహకుడు అశోక్ కుమారునియొద్ద శిష్యరికము చేసి, 1985లో వచ్చిన ‘చిన్న వీడు’ అను తమిళ చిత్రముతో స్వతంత్రురాలై, ఆసియా ఖండముననే సినిమా ఛాయాగ్రహణమును చేపట్టిన తొలి మహిళగా పేర్కొనబడుచున్నది. తెలుగువారికి నటిగా చిరపరిచితురాలైన సుహాసిని కూడ మదరాసు ఫిల్మ్ ఇన్‌స్టిట్యూటులో ఛాయాగ్రహణ శాఖయందు చదివి, ఆ అశోక్ కుమారునియొద్దనే సహాయకురాలుగ పనిచేసినదే. అంతకు ముందే, వైద్యవిద్యను విడిచిపెట్టి పూనా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూటులో చేరిన అరుణా రాజే 1969లో ఎడిటింగు చదువు ముగించి, శిక్షణ పొందిన మహిళా సాంకేతికులలో తొలితరమునకు చెందినదయ్యెను. కెమెరా మోయుట స్త్రీలకు తగదను మాట అంతటితో చెల్లిపోవలసినది. దాదాపుగా చెల్లిపోయినది కూడ. మిగిలినది వేరొక మాట: కెమెరా మోయవచ్చును, కడుపు మోయవచ్చును, రెంటిని ఒక్కమారు మోయరాదని. ఈ వ్యాసము ఆ మాటను గూర్చియే.

ఒక విద్యార్థినిని భావించుకొందము. ఆమెకు పేరు పెట్టవలసిన పనిలేదు, ఎందుకన ఇది ఒకరి చరిత్ర కాదు, పలువురి సంకటము. వి.కోటలో పుట్టి, కుప్పములో డిగ్రీ చదివి, ప్రవేశపరీక్ష వ్రాసి, బెంగళూరుననో హైదరాబాదుననో మదరాసుననో పూనాయందో ఒక సినిమా విద్యాలయములో చేరినది. చదువు సాగనిచ్చెదమన్న ఒడంబడిక మీద పెండ్లియైనదనుకొనుడు. లేక పెండ్లియే కాలేదనుకొనుడు. రెండవ సంవత్సరము నడుచుచున్నది. నెల తప్పినది. మందుల దుకాణములో కొనితెచ్చిన చిన్న పరీక్షాపట్టీ మీద రెండు గీతలు కనబడినవి. గోడకు అంటించియున్న కాగితము మీద ఆమె దర్శకత్వము వహింపవలసిన డైలాగు అభ్యాసమునకు తేదీ నిర్ణయమై యున్నది, కెమెరా విద్యార్థి పేరు, శబ్దగ్రహణ విద్యార్థి పేరు, ఎడిటింగు విద్యార్థి పేరు ఆమె పేరి ప్రక్కనే వ్రాసియున్నవి.

ఆ నాలుగు పేర్ల కాగితమును గూర్చి కొంత ఆగి చెప్పవలసియున్నది. సినిమా చదువు తక్కిన చదువులకంటె ఎట్లు భిన్నమో అందే తెలియును. చరిత్రయో వృక్షశాస్త్రమో చదువు బాలిక రెండు మాసములు రాకపోయినచో నష్టము ఆమెదే. స్నేహితురాలి నోటుపుస్తకము తెచ్చుకొని పూడ్చుకొనగలదు. సినిమా విద్యాలయములో అభ్యాసమనగా నలుగురైదుగురు విద్యార్థులు కలిసి నిర్మించు చిన్న చిత్రము; అందు ఒక్కొక్కరును తమ తమ శాఖలలో మార్కులు పొందవలెను; స్టూడియో అంతస్తు ఇన్నినాళ్లే వారికి దొరకును, కెమెరా ఇన్ని గంటలే వారి చేతికి వచ్చును, ఆపై వేరొక బృందము వాకిట నిలిచియుండును. దర్శకత్వపు విద్యార్థిని రాలేకపోయెనా, కెమెరా విద్యార్థి వెలుగునీడల పాఠము అక్కడే ఆగును, శబ్దము పట్టువానికి పట్టుటకు మాట లేదు, ఎడిటింగు గదిలోని వానికి కూర్చుటకు తునకలు లేవు. కావున ఆమె తన కడుపును గూర్చి ఆలోచించుకొనునప్పుడు తన ముగ్గురు సహాధ్యాయుల సంవత్సరమును గూర్చియు ఆలోచించుకొనవలసి వచ్చును. ఆ భారమును పెక్కుమంది యువతులు నోరువిప్పక మోసెదరు. కొందరు దానివలననే, ఇతరులకు అడ్డము కాకూడదని, పెట్టె సర్దుకొని వెళ్లిపోయెదరు. వారి సౌజన్యమును మెచ్చుకొని ఊరకుండుట నాకు న్యాయముగా తోచదు. నలుగురు పిల్లల మంచితనము మీద ఆధారపడి నడచు ఏర్పాటు విద్యాసంస్థకు తగిన ఏర్పాటు కాదు.

ఇక చదువులోని శ్రమ సంగతి. సినిమా విద్యాలయములు పని నేర్పుటతోపాటు సినిమా రంగపు అలవాట్లను కూడ నేర్పుచుండును. అందు మొదటిది నిద్ర మానుటను ఘనతగా భావించుట. సాయంకాలము మొదలుపెట్టి మరునాటి ఉదయము వరకు చిత్రీకరించుట, ట్రాకు పట్టాలను, ఇసుక సంచులను, లైట్ల స్టాండులను విద్యార్థులే మోసికొనుట, వేళకు తినక టీతో కడుపు నింపుకొనుట, ఇవన్నియు అక్కడ సాహసకృత్యములుగా చెప్పుకొనబడును. మొదటి మూడు నెలల వేవిళ్లలో, నీరుల్లి వాసన తగిలినను కడుపు త్రిప్పుకొనివచ్చు దినములలో, ఈ సాహసము ఏ స్త్రీకిని సాధ్యము కాదు, సాధింపవలసిన పనియు లేదు. ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత కలదని 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చినది. కడుపు పండకముందే నెత్తురు చాలని దేహముతో ఆ పిల్ల చదువునకు వచ్చియుండునను సంగతిని ఏ కాలపట్టికయు లెక్కింపదు.

అయితే ఆ మొదటి వారములలో ఆమె ముందు నిలుచు ప్రశ్న కాలపట్టిక కాదు. ఈ గర్భమును నిలుపుకొందునా లేదా అనునదే. పెద్దలకు రుచింపకున్నను ఈ విషయమున చట్టమును స్పష్టముగా చెప్పుట పత్రికాధర్మము. గర్భవిచ్ఛిత్తిని గూర్చిన 1971 నాటి శాసనమును 2021లో సవరించిరి. 20 వారముల లోపల ఒక వైద్యుని అభిప్రాయము మీదను, ఆపై 24 వారములవరకు కొన్ని వర్గముల స్త్రీలకు ఇద్దరు వైద్యుల అభిప్రాయము మీదను అది శాసనసమ్మతము. ఆ వర్గములనుండి అవివాహితలను తొలగించుట చెల్లదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న తీర్పు చెప్పెను. 18 ఏండ్లు నిండిన స్త్రీకి ఆమె సమ్మతి చాలును. భర్త చేవ్రాలు గాని తండ్రి చేవ్రాలు గాని శాసనము కోరదు. ఆ నిర్ణయము ఏ దిక్కునకు మొగ్గినను అది ఆమెదే కావలెను, చదువు పోవునన్న భయముదో, ఊరు ఏమనునోయన్న భయముదో కారాదు. బిడ్డను కనవలెనని కోరిన యువతి, విద్యాలయములో తావు లేదను ఒక్క కారణముచే ఆ కోరికను చంపుకొనుట, చదువుకొనవలెనని కోరిన యువతి, కడుపు వచ్చినదను ఒక్క కారణముచే ఇంటికి మరలుట, ఈ రెండును ఒకే అన్యాయమునకు రెండు ముఖములు.

నిలుపుకొనెదనని ఆమె నిశ్చయించుకొన్నదనుకొందము. ఇప్పుడు వి.కోటకు కబురు పోవును.

ఇంటినుండి వచ్చు మాట మనమందరము ఎరిగినదే: “ఇంగ చాల్లేమ్మా, ఇంటికొచ్చెయ్. సదువు యాడికీ పోదు, మళ్లా సూసుకోవచ్చు.” ఆ మాటలో ప్రేమ లేదనజాలము, కూతురు నీళ్లోసుకొన్నదన్న వార్త విన్న తల్లి, మొదటి కాన్పు పుట్టింటనే కావలెనను ఆచారము ననుసరించి, అప్పుడే ఉయ్యాలకు మంచి కొయ్యను, బాలింతకు కావలసిన వామును మిరియములను వెల్లుల్లిని తలచుకొనుచుండును. అయినను ఆ మాటను నమ్మి వచ్చిన చదువులు తిరిగి ఎన్నడు మొదలైనవో ఆ ఇండ్లనే అడుగవలెను.

ఇక్కడ ఒక సంగతి చెప్పక తీరదు. వి.కోట, బైరెడ్డిపల్లె, పలమనేరు పరిసరములలో పట్టుపురుగులు పెంచు ఇండ్లు కలవు. నాలుగవ జ్వరము (కుబుసము విడుచు నిద్ర) లేచిన పిమ్మట పురుగులు ఆవురావురుమని మేయును. ఆ వారము రోజులును పగలనక రేయనక మల్బరీ ఆకు కోసి తెచ్చి పరచవలెను, పెంట తీయవలెను, పండిన పురుగులను ఏరి గూళ్లు కట్టు చంద్రికలమీదికి ఎక్కింపవలెను. ఆ పనిని నిండు చూలాండ్రు చేసిరి, చంకన బిడ్డలతో తల్లులు చేసిరి. కడుపుతో నున్న కోడలు రాత్రి రెండు గంటలకు లేచి ఆకు వేయునప్పుడు ఊరిలో ఎవరును అభ్యంతరము చెప్పలేదు. కడుపుతో టొమాటో తోటలో నడుము వంచునప్పుడును చెప్పలేదు. ఆమె పుస్తకమునో కెమెరానో చేపట్టినప్పుడు మాత్రము విశ్రాంతి యను మాట మనకు జ్ఞాపకము వచ్చును. చూలాలు కష్టింపరాదన్నచో పొలములోను కష్టింపరాదు. కష్టింపవచ్చునన్నచో ఎంత, ఎప్పుడు, ఎట్లు అనునది వైద్యులు చెప్పవలసిన మాటయే గాని వీధి అరుగులు చెప్పవలసినది కాదు.

ఆ పట్టుగూళ్లను అమ్ముకొనుటకు ఈ సీమ రైతులు శిడ్లఘట్టకును, బెంగళూరునకు ఆవలనున్న రామనగరకును పోవుదురు. రామనగర గుట్టలను చూచిన ప్రతివానికిని స్ఫురించు చిత్రము ఒకటి కలదు. ‘షోలే’ చిత్రీకరణము 1973 అక్టోబరులో ఆ బండల నడుమనే ఆరంభమైనది. అందు వితంతువు రాధ పాత్రను ధరించిన జయా భాదురి పూనా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూటులో స్వర్ణపతకము పొందిన విద్యార్థిని. చిత్రీకరణము ఆరంభమగునాటికి ఆమె గర్భవతి, 1974 మార్చిలో ఆడుబిడ్డను ప్రసవించినది. తెల్లచీర కొంగును నిండుగా కప్పుకొని ఆ ఇంటి వసారాలో దీపములు వెలిగించుచు ఆర్పుచు ఆమె కదలు దృశ్యములు దేశమంతయు ఎరిగినవి. తెరమీద క్షణములలో ముగియు ఆ దీపముల ఘట్టమును తీయుటకు ఇరువది దినములు పట్టినదని చెప్పుదురు. ఎందుకన దర్శకుడు రమేశ్ సిప్పీయు ఛాయాగ్రాహకుడు ద్వారకా దివేచాయు కోరిన సంధ్యాకాంతి దినమునకు కొన్ని నిమిషములే నిలుచును, ఆ నిమిషములు దాటినంతనే పనివారెల్లరు పరికరములు సర్దుకొని మరునాటి సాయంకాలమునకై వేచియుండవలెను.

ఈ సంగతియందు నాకు కనబడునది ఇది. సినిమా అనునది కాలమును ముక్కలు చేసి తిరిగి కూర్చుకొనగల కళ. కథలో చివర రావలసిన దృశ్యము మొదటిదినముననే తీయబడును; చావు ముందు, పుట్టుక తరువాత చిత్రింపబడును; నాయకుని గడ్డము పెరుగుటకై మాసములు ఆగుదురు, వాన వెలియుటకై ఆగుదురు, పెద్ద నటుని కాల్షీట్లు దొరకనిచో సంవత్సరము ఆగుదురు, ఆగినను తెరమీద ఒక్క అడుగు కూడ తడబడనట్లు కంటిన్యుటీ చూచుకొందురు. ఇంతటి కాలనిర్వహణ తెలిసిన వృత్తి వేరొకటి ఉన్నదా యని సందేహము. సంజవెలుగు కొరకు ఇరువది సాయంకాలములు వేచియుండగల కళ, తన విద్యార్థిని కాన్పు కొరకు వేచియుండజాలదనుట, కళ యొక్క అశక్తత కానేరదు. నడుపువారి అనిష్టమే అయియుండవలెను.

మరియు గర్భము అనుకోనిదైనను, తెలిసిన పిమ్మట దానియంత ముందుగా తేదీ చెప్పునది వేరొకటి లేదు. నలువది వారములు, వైద్యుడు తొలి పరీక్షలోనే రమారమి తేదీని వ్రాసి యిచ్చును. ఏ నటుని కాల్షీటు ఇంత ముందుగా నిశ్చయమగును? మొదటి మూడు నెలలు దేహము సహకరింపదు. ఆ కాలమున కథాపత్రము వ్రాయవచ్చును, చిత్రములు చూచి విశ్లేషింపవచ్చును, సిద్ధాంత పత్రములు ముగింపవచ్చును. నాలుగవ నెల మొదలు ఆరవ నెల వరకు సాధారణముగా ఒడలు తేలికపడి ఓపిక చేకూరును. వైద్యుని అనుమతి ఉన్నచో పగటివేళ చిత్రీకరణమునకు అదియే అనువైన కాలము. బరువులు మోయుటకు, నిచ్చెన లెక్కుటకు వేరొకరిని నియమించుట సంస్థకు పెద్ద పని కాదు. ఏడవ నెల దాటిన పిమ్మట ఎడిటింగు గదిలో, శబ్దమేళన గదిలో, కూర్చుండి చేయు పనులు కలవు. ఇదంతయు పెద్ద రహస్యము కాదు. ఒక ఉపాధ్యాయుడును ఒక విద్యార్థినియు ఒక క్యాలెండరును ముందుంచుకొని గంటసేపు కూర్చున్నచో తేలు విషయము.

ప్రసవానంతర కాలమే నిజముగా కష్టతరము. ఈ విషయమున ఆశావాదము పనికిరాదు. ఆరు నెలలు బిడ్డకు తల్లిపాలే ఆహారము. రెండు మూడు గంటలకొకసారి, పగలును రేయియు, ఆ పిలుపునకు లేవవలెను. కావున ఆ సంవత్సరపు పెద్ద అభ్యాసములను తరువాతి బృందముతో కలిసి చేయనిచ్చుట ఒక్కటే న్యాయమైన త్రోవ. అట్లు చేసినచో విద్యాలయపు క్రమము చెడునని చెప్పువారికి పూనా ఇన్‌స్టిట్యూటు చరిత్రనే చూపవచ్చును: అచ్చట 2008లో చేరిన వారి డిప్లొమా చిత్రములు 2015 నాటికిని పూర్తికాలేదు, అసంపూర్ణముగనే వాటికి మార్కులు వేయుదుమన్నందున వచ్చిన ఘర్షణ, ఆ యేటి 139 దినముల సమ్మెలో ఒక ఘట్టమై, పోలీసులు అర్ధరాత్రి విద్యార్థులను నిర్బంధించుటవరకు పోయినది. మూడేండ్ల చదువు ఏడేండ్లు సాగుటకు ఓర్చుకొనిన వ్యవస్థకు ఒక తల్లి అడుగు ఒక్క సంవత్సరము భారము కారాదు.

తెలుగు సినిమాకు ఈ పాఠము క్రొత్తది కూడ కాదు. 1943లో పెండ్లియై నటనకు స్వస్తి చెప్పదలచిన భానుమతి, ‘స్వర్గసీమ’తో తిరిగి వచ్చి, కుమారుడు భరణి పేరనే 1947లో భర్త రామకృష్ణతో కలిసి నిర్మాణసంస్థను నెలకొల్పినది, 1953లో ‘చండీరాణి’ని తెలుగు తమిళ హిందీ భాషలు మూడింటను తానే దర్శకత్వము వహించి తీసినది. బిడ్డ పేరు బోర్డుమీదికెక్కినది, తల్లి పేరు తెరమీద నిలిచినది. ఇద్దరు బిడ్డల తల్లియైన సావిత్రి 1968లో ‘చిన్నారి పాపలు’ చిత్రమునకు దర్శకత్వము వహించునప్పుడు సంగీతమునకు పి.లీలను, నృత్యములకు రాజసులోచనను చేర్చుకొని ముఖ్యశాఖల నెన్నింటినో స్త్రీలకే అప్పగించినది. వీరు ఏ విద్యాలయమునను చదువలేదు; వీరికి తమ స్టూడియోలో తమ మాట చెల్లు అధికారము ఉండెను. మన వి.కోట పిల్లకు లేనిది ఆ అధికారమే. భానుమతి తన కాలమును తానే నిర్ణయించుకొనగలిగినది గనుక ఆమె కథను చెప్పి, చూడుము, ఆమె చేయలేదా, అని విద్యార్థినిని దండించుట తగదు. అధికారము లేనివారికి ఆ వెసులుబాటును నియమము ఇయ్యవలెను.

ఫ్రాన్సుదేశమున ఆనియెస్ వర్దా యను దర్శకురాలు గర్భవతిగా నుండి 1958లో పారిసునందలి మూఫ్తార్ వీధిలోని సంతను చిత్రించినది. బరువుతో నడచు స్త్రీ కన్నులకు ఆ వీధి, ఆ కూరగాయలు, ఆ ముసలివారు ఎట్లు కనబడుదురో అదియే చిత్రము. 1970లలో రెండవ బిడ్డ పసివాడై యుండగా, ఇల్లు విడిచి దూరము పోజాలక, తన ఇంటి మీటరునుండి లాగిన కరెంటు తీగ ఎంతవరకు పోవునో అంతవరకే కెమెరాను కదల్చి, తన వీధి దుకాణదారులను గూర్చి ‘దగెరోటైప్స్’ అను చిత్రమును తీసినది. గర్భమును, పసిబిడ్డను దాచిపెట్టక వాటి హద్దులలోనే తన కళకు రూపము వెదకుకొన్న ఆ స్త్రీ చిత్రములను మన సినిమా విద్యాలయములలో పాఠముగా చూపుదురు. చూపు తరగతిలోనే ఒక చూలాలు కూర్చున్నచో హాజరు చాలలేదందురు.

హాజరు సంగతికి వచ్చినాము గనుక శాసనపు స్థితిని చెప్పవలెను. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టము, 2017 సవరణతో 26 వారముల వేతనసహిత సెలవును కల్పించినది. కాని అది ఉద్యోగినులకే, విద్యార్థినులకు వర్తింపదు. పరిశోధక విద్యార్థినులకు 240 దినముల సెలవును విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2016లోనే నియమములలో చేర్చినది. డిగ్రీ, పి.జి. చదువులకు మాత్రము చాలకాలము ఏమియు లేకుండెను. 2021లో కాన్పూరు ఇంజనీరింగు విద్యార్థిని ఒకతె, గర్భమువలన వ్రాయలేకపోయిన పరీక్షలకు మరల అవకాశము కోరి అలహాబాదు హైకోర్టుకెక్కగా, ప్రసూతి హక్కు జీవితహక్కులోని భాగమేనని, విద్యార్థినులకై విశ్వవిద్యాలయము నియమములను ఏర్పరుపవలెనని న్యాయస్థానము ఆదేశించెను. ఆ యేడే డిసెంబరు 14న నిధుల సంఘము విశ్వవిద్యాలయములన్నిటికిని లేఖ వ్రాసి, అన్ని తరగతుల విద్యార్థినులకును ప్రసూతి సెలవు, హాజరులో సడలింపు, పరీక్షా దరఖాస్తులకు గడువు పొడిగింపు కల్పించు నియమములు చేయుమని కోరినది. కేరళ 2023లో 18 ఏండ్లు నిండిన విద్యార్థినులకు 60 దినముల ప్రసూతి సెలవు ప్రకటించినది. అదే సంవత్సరము ఢిల్లీ హైకోర్టు ఒక ఎం.ఎడ్. విద్యార్థిని విషయమున, చదువునో సంతానమునో ఒక్కదానినే ఎన్నుకొనుమని స్త్రీని నిర్బంధింపరాదను భావమును వెలిబుచ్చి, 59 దినముల హాజరు సడలింపును పరిశీలింపుమని చెప్పెను.

ఇవన్నియు మేలే. కాని సినిమా విద్యార్థినికి సెలవొక్కటే చాలదని మొదటనే చూచితిమి. ఆమె పోయివచ్చునప్పటికి ఆమె బృందము ముందుకు సాగిపోయియుండును. ఆమెకు కావలసినది మరల చేరుటకు వ్రాతపూర్వకమైన హామీ: ఏ అభ్యాసము ఎవరితో, ఏ మాసమున, ఎన్ని దినముల స్టూడియో కాలముతో చేయవలెనో నిర్ణయించిన కాగితము, ఆమె స్థానమున ఆమె సహాధ్యాయులకు ఆ సంవత్సరము మరొక దర్శకుని కూర్చి వారి మార్కులకు నష్టము లేకుండ చేయు ఏర్పాటు, పాలిచ్చుటకు ఒక గది, బిడ్డను చూచుకొను ఒక ఆయా. మరుగుదొడ్డి లేని తావులలో స్త్రీలు దినమంతయు నీరు త్రాగక పనిచేయుచున్న సంగతిని కేరళ చిత్రరంగమును గూర్చిన హేమ కమిటీ నివేదిక 2024లో బయటపడి లోకమునకు తెలిపినది; చూలాలికి అది అసౌకర్యము మాత్రమే కాదు, వ్యాధికి ద్వారము. విద్యాలయపు చిత్రీకరణ స్థలములయందైన ఆ లోపము లేకుండవలెను. మన రామానాయుడు ఫిల్మ్ స్కూలు 2008లోను, అన్నపూర్ణ వారి కళాశాల 2011లోను వెలసినవి. క్రొత్త సంస్థలు గనుక పాత అలవాట్ల బరువు వాటికి తక్కువ, ఇట్టి నియమమును తెలుగునాట మొదట వ్రాసికొన్న కీర్తి వాటిలో ఏదైన పొందవచ్చును.

వి.కోట పెద్దలకు ఒక పొరుగు కథను గుర్తు చేయవలెననిపించుచున్నది. మన చిత్తూరు సీమవారు పెద్ద జబ్బు వచ్చినచో రాయవేలూరు ఆసుపత్రికి పోవుదురు. ఆ ఆసుపత్రికి మూలము ప్రసవవేదనయే. పంతొమ్మిదవ శతాబ్ది చివర తిండివనములో ఒక్క రాత్రి ముగ్గురు పురుషులు, వేర్వేరు కులమతములవారు, తమ భార్యలు కాన్పు కాలేక బాధపడుచుండగా ఐడా స్కడ్డరను యువతిని పిలువవచ్చిరి. ఆమె వైద్యురాలు కాదు, వైద్యుడైన ఆమె తండ్రిని లోనికి రానిచ్చుటకు వారు సమ్మతింపలేదు. తెల్లవారునప్పటికి ముగ్గురు స్త్రీలును గతించిరి. ఆ దుఃఖముతో ఆమె అమెరికా పోయి 1899లో వైద్యవిద్య ముగించి, తిరిగివచ్చి, వేలూరున ఆసుపత్రి కట్టి, 1918లో స్త్రీలకై వైద్యవిద్యాలయమును తెరచినది. ఈ ప్రాంతమున ఆడుపిల్లల పెద్ద చదువునకు కాన్పుగది త్రోవ చూపినది. ఆ కాన్పే నేడు చదువునకు అడ్డమని చెప్పుటకు ముందు కొంత యోచింపవలెను.

ఇక ఆ విద్యార్థిని ఈ వారముననే చేయవలసిన పని. ప్రభుత్వాసుపత్రిలోనో తనకు నమ్మకమైన వైద్యశాలలోనో పేరు నమోదు చేయించుకొని, నెత్తురు పరీక్ష చేయించుకొని, కాన్పు తేదీ వ్రాయించుకొనవలెను. ప్రతినెల 9వ తేదీన ప్రభుత్వ వైద్యశాలలలో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగును. మూడవ నెల ముగియకమునుపే విద్యాలయాధికారికి ఉత్తరము వ్రాయవలెను. అందు వైద్యుని పత్రమును జతపరచి, తమ సంస్థ విశ్వవిద్యాలయమునకు అనుబంధమైనదైనచో 2021 డిసెంబరు 14 నాటి లేఖను ఉదాహరించి, కానిచో ఆ న్యాయమునే తమకును వర్తింపజేయుమని కోరి, ఏ అభ్యాసములను ఇప్పుడు చేయగలదో, వేటిని తరువాతి బృందముతో చేయదలచినదో మాసము మాసముగా వ్రాసి, బదులు నోటిమాటగా కాక కాగితము మీదనే ఇమ్మని అడుగవలెను. తన బృందములోని ముగ్గురికిని ఆ ఉత్తరమును ముందుగా చూపవలెను. వారి పేర్లును అందు ఉన్నవి గనుక. అందినట్లు ముద్ర వేయించుకొని ఒక నకలును తనయొద్ద ఉంచుకొని, వేరొక నకలును వి.కోటకు పంపవలెను. చదువు మానలేదని ఇంటివారికి దాని వలన తెలియును. ఏడవ నెలలో ఏ తేదీన కుప్పము రైలునకు ఎదురురావలెనో కూడ తెలియును.